మేమిద్దరమే చూసిన ఫోటో

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. ఈ లోకంలో ఏ వస్తువుకూ అసలు ధర అనేది లేదు; అమ్మేవాడి ఓపిక, కొనేవాడి ఓపిక, ఈ రెండే ఉన్నాయి. సూర్యాపేటలో స్టీలు సామాన్ల దుకాణంలో బిందెల మధ్య పెరిగినవాడికి ఇంతకంటే పెద్ద వేదాంతం ఎక్కడినుంచి వస్తుంది? మా నాయిన గల్లా దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ల ముఖం చూసి ధర చెప్పేవాడు. నేను గిన్నెల వెనక కూర్చుని ఆయన ముఖం చూసి నేర్చుకున్నాను. కొత్తిమీర కట్ట నుంచి పెళ్లి మంటపం దాకా నేను బేరమాడనిది లేదు (ఒకసారి దవాఖానలో సూది వెయ్యబోతున్న నర్సమ్మను ఇంకా సన్నది లేదా అని అడిగిన ఘనత కూడా నాదే). అలాంటివాణ్ణి ఇరవై ఆరేళ్ల వయసులో, ఫోన్‌తో తీసే ఫోటోలు చప్పగా అనిపించడం మొదలై, మెడలో వేలాడే పెద్ద డిజిటల్ కెమెరా మీద మనసు పడ్డాను. దుకాణం మూసి ఉండే ఆదివారాల్లో పేకాటకు కూర్చుంటే ఇంట్లో తిడతారు. అదే మెడలో కెమెరా వేసుకుని ఊరికే తిరిగినా ‘పేపరోళ్లా సార్’ అని నిలబడి మరీ అడుగుతారు.

కొత్త వస్తువు కొనడం మా వంశంలో లేదు కాబట్టి, ఫోన్‌లో పాత సామాన్లు అమ్ముకునే చోట వెతికి, కోదాడ మనిషి ఒకాయన పెట్టిన కెమెరా చూసి బస్సెక్కాను. మిట్టమధ్యాహ్నం. సందు చివర ఇల్లు. నలభై ఏళ్ల మనిషి, గడ్డం మాసి ఉంది. కెమెరాను ఆయన నా చేతికివ్వలేదు, గడప అవతల స్టూలు మీద పెట్టి తాను లోపలే నిలబడ్డాడు. నేను మా ఇంటి ఆచారం ప్రకారం ఆయన చెప్పినదాంట్లో సగం అన్నాను. సగం అనడం అంటే బేరానికి కొబ్బరికాయ కొట్టడమే తప్ప ఆ ధరకు ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఆయన మాత్రం ‘సరేనండీ, తీసుకెళ్లండి’ అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. మొదటి మాటకే ఒప్పుకున్న సరుకును ముట్టుకోవద్దని మా నాయిన నాకు అక్షరాలకంటే ముందు నేర్పాడు. కెమెరాను తిప్పి తిప్పి చూశాను, వంద కోణాల్లో నొక్కి చూశాను, ఎక్కడా గీత కూడా లేదు. అయినా మనసు కుదుటపడక, బేరం అనేది జరిగినట్టు ఉండాలని సంచి కూడా కావాలన్నాను. ఇచ్చాడు. ఛార్జర్ అన్నాను, ఇచ్చాడు. లోపలున్న మెమరీ కార్డు కూడా అనేసరికి మాత్రం ఆగాడు. ‘కార్డెందుకండీ, కొత్తది వేసుకోండి’ అన్నాడు నెమ్మదిగా. అప్పటికిగాని నా ప్రాణం లేచిరాలేదు. అదిగో, ఈయనా మనిషే, ఈయనకూ వదలడానికి ఇష్టం లేనిదొకటి ఉంది. ఇక నేను వదులుతానా? కార్డు లేకపోతే వద్దని వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాను (వెనక్కి పిలిపించుకునే నడక ఒకటుంటుంది, అది మా ఇంట్లో అందరికీ వచ్చు). ఆయన నా వైపు కాదు, ఖాళీగా ఉన్న వాకిలి వైపు చూసి, ‘పోనీ తీసుకెళ్లండి, నేనేం చేసుకుంటాను’ అన్నాడు.

ఇంటికి వచ్చి కెమెరా తెరిస్తే ఆ కార్డులో ఒకే ఒక్క ఫోటో ఉంది. ఒక వాకిట్లో గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీ. అంతే. మనిషి లేడు, పిల్లి లేదు, ఎండిన ఆకైనా లేదు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి కుర్చీ వీపు మీది గీతలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఎవరో వచ్చి కూర్చోవలసినంత చోటు వదిలి, ఎంతో శ్రద్ధగా తీసిన ఖాళీ కుర్చీ. కాసేపు చూశాక, ఆ కుర్చీయే నన్ను చూస్తున్నట్టు అనిపించింది. గబగబా కార్డు మొత్తం తుడిచేశాను. అప్పటికి కెమెరాలో నాకు వచ్చిన విద్య అదొక్కటే.

తక్కిన విద్య మిర్యాలగూడలో డ్రాయింగ్ చెప్పే సారు దగ్గర నేర్చుకున్నాను. నోరు తెరిస్తే వెలుగు గురించే చెప్పేవాడు కాబట్టి మేమంతా ఆయన్ను వెలుగు సారు అనేవాళ్లం. ప్రతి ఆదివారం బస్సులో వెళ్లి ఆయన వెంట త్రిపురారం కాలువ గట్ల మీద తిరిగేవాణ్ణి. కెమెరా కన్ను ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె తగ్గించేకొద్దీ వెలుతురు ఎక్కువ వస్తుందన్న మాట నాకు నెల దాకా మింగుడుపడలేదు. రాయి చిన్నదై సరుకు ఎక్కువ తూగే తక్కెడను మా బజారులో ఎవరు పెట్టుకుంటారు? నేను వరిచేలో కొంగను తీస్తే కొంగ ఎగిరిపోయి చేను మాత్రం పడేది, పిల్లల్ని తీస్తే పిల్లల స్థానంలో పొగ పడేది. చివరికి సారు విసిగిపోయి, కదలని వాళ్లను తియ్యమన్నాడు. ముసలివాళ్ల ముఖాల్లో ప్రతి ముడతకూ వెలుగు ఆగుతుంది, ఎంతసేపైనా కూర్చుంటారు, మొదలుపెట్టేవాళ్లకు వాళ్లే గురువులు అన్నాడు. కెమెరా పట్టిన ప్రతివాడూ మొదటి ఏడాది నలుపు తెలుపులో ముసలి ముఖాలు తీస్తాడని, అది చికెన్‌పాక్స్ లాగా ఒకసారి వచ్చి పోయేదని నాకు అప్పుడు తెలియదు. నాకు అది గట్టిగానే వచ్చింది.

మొదట మా వీధిలో బెల్లం దుకాణం తాతను కూర్చోబెట్టాను. తర్వాత మిర్యాలగూడ బస్టాండు దగ్గర తమలపాకులు అమ్మే అవ్వను, ఆ తర్వాత మేళ్లచెరువులో సిమెంటు లారీలు నడిపి దిగిపోయిన పెద్దాయనను. ముగ్గురికీ ఒకే మాట చెప్పాను: నవ్వొద్దు, రెప్ప వెయ్యొద్దు, ఈ నల్లటి అద్దంలోకే చూడాలి. ముగ్గురూ బుద్ధిగా చూశారు. వెనక ఉన్న గోడలు, మనుషులు, సందడి అన్నీ చెరిగిపోయి, చీకట్లోంచి ముఖం ఒక్కటే బయటికి వచ్చినట్టు పడింది. వెలుగు సారు మొదటిసారి నా భుజం తట్టాడు.

ఫోటో తీసిన పదకొండో రోజు బెల్లం తాత పోయాడు. మా వైపు ఇప్పుడు ఎవరు పోయినా పెద్దకర్మకు ముందు చౌరస్తాలో మనిషి ఎత్తున ఫ్లెక్సీ కట్టాలి. అప్పుడు మొదలవుతుంది ఇంట్లో వెతుకులాట. బతికి ఉండగా ఎవరికీ ఫోటో గుర్తుకు రాదు. ఓటరు కార్డులో దొంగలా పడ్డ బొమ్మో, ఎవరి పెళ్లిలోనో అన్నం తింటుండగా పడ్డ ముఖమో దొరుకుతుంది, దాన్నే కత్తిరించి పెద్దది చేస్తారు. తాత కొడుకు పరుగున వచ్చి నా ఫోటో అడిగాడు. నా మొదటి ఫోటో ఊరి నడిబొడ్డున నిలబడింది, గర్వపడలేదని అబద్ధం చెప్పను. ఆ నెల తిరగకముందే ఆకుల అవ్వ పోయింది, మనవడు వచ్చాడు. ఇంకో రెండు వారాలకు మేళ్లచెరువు నుంచి ఫోన్ వచ్చింది. అప్పటికి నాలో గర్వం ఖతం.

ఒక మధ్యాహ్నం దుకాణానికి భోజనం తెస్తూ చౌరస్తాలో ఆగాను. ఎండ మాడుతోంది, రోడ్డు మీద మనిషి లేడు. తాత ఫ్లెక్సీని ఇంకా విప్పలేదు. ఎండకు రంగులన్నీ పాలిపోయి ముఖం నీలంగా అయింది, కళ్లు మాత్రం నల్లగా అలాగే ఉన్నాయి. దారిన పోయేవాళ్లకు అది తమను చూస్తున్నట్టు ఉంటుంది. నాకు అలా కాదు. ఆ చూపు నన్ను చూసిన చూపేనని నాకు తెలుసు. రెప్ప వెయ్యొద్దని చెప్పింది నేనే. కుడికి జరిగాను, కళ్లు వచ్చాయి. ఎడమకు జరిగాను, వచ్చాయి. టిఫిన్ డబ్బాలో పప్పు నా చేతి మీద వొలుకుతున్న సంగతి కూడా తెలియలేదు. మిర్యాలగూడ వెళ్తే బస్టాండు ఎదురుగా అవ్వ, మేళ్లచెరువు మలుపులో పెద్దాయన. మూడు ఊళ్లలో మూడు జతల కళ్లు, ముగ్గురూ నేను ‘అయిపోయింది, ఇక కదలొచ్చు’ అని చెప్పడం కోసం ఎదురుచూస్తున్నట్టే ఉండేది.

ఊరు ఊరకుంటుందా? నాకు పెద్దకర్మ స్టూడియో అని పేరు పెట్టారు. నేను కెమెరా సంచితో వీధిలోకి వస్తే అరుగుల మీది ముసలివాళ్లు తువ్వాలు ముఖాన కప్పుకుని నిద్ర నటించేవాళ్లు. పింఛన్ల వరుస దగ్గర నడిచానో లేదో, వరుస మొత్తం గోడవైపు తిరిగింది. ఇదంతా భరించాను. కాని ఒకరోజు ఒక కోడలు వచ్చి, ఇడ్లీ పాత్ర ధర అడిగి, నేను చెప్పిన ధరకు కిక్కురుమనకుండా ఒప్పుకుని (అప్పుడే అనుమానం రావలసింది), పాత్ర సంచిలో పెట్టుకుంటూ గొంతు తగ్గించి, “అన్నా, మా అత్తకు గూడ ఒక ఫోటో తియ్యరాదు? కిరాయి ఆటో పెట్టి నేనే పిలుసుకపోత” అంది. ఆమె ముఖంలో నవ్వు లేదు. ఆ రోజు కెమెరాను బీరువాలో చీరల కింద పెట్టి తాళం వేశాను.

వెలుగు సారుకు చెప్పుకుంటే పొట్ట పట్టుకుని నవ్వాడు. “డెబ్బై ఎనభై ఏండ్లోళ్లను ఏరి ఏరి తీస్తివి, పోక ఏం చేస్తరు? చిన్నపిల్లల ఫోటోలు తీసినోడు, నేను తీసినోళ్లంత పెద్దగైతున్నరు సార్ అని పరేషాన్ అయితడా?” అన్నాడు. లెక్క సరిగ్గానే ఉంది. అయినా ఆయన్ను ఒక ఫోటో తీస్తానంటే, కాలువ మీద వెలుగు పోతోందని తొందరగా లేచాడు.

సరిగ్గా అప్పుడే మా పెద్దమ్మ నన్ను పిలిపించింది. మా అమ్మ జబ్బుపడ్డ ఏళ్లలో నన్ను మిర్యాలగూడలో తన దగ్గర పెట్టుకుని పెంచిన మనిషి. గాజుల దుకాణం ఆమెది. ముందు కొనేవాళ్ల చెయ్యి పట్టుకో, చెయ్యి చిక్కితే బేరం చిక్కినట్టే అని నేర్పింది ఆమే. ఆమె గుండెలో కవాటం చెడిందని, హైదరాబాదులో ఆపరేషన్ చెయ్యాలని, వయసు వల్ల మాట ఇవ్వలేమని డాక్టర్లు చెప్పారు. ప్రయాణం వచ్చే సోమవారం. నేను వెళ్లేసరికి మంచం మీద కూర్చుని, అడిగి తెప్పించుకున్న పెళ్లి ఆల్బములు చుట్టూ పరుచుకుంది. ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల పెళ్లికూతుళ్లందరికీ గాజులు తొడిగింది పెద్దమ్మే. ప్రతి ఆల్బములోనూ ఆ ఘట్టం ఉంది, ప్రతి ఫోటోలోనూ పెళ్లికూతురి చేతిని పట్టుకున్న పెద్దమ్మ చేతులున్నాయి. మోచేతుల దాకా మాత్రమే. పేజీ తర్వాత పేజీ, ముఖం లేని ఆ రెండు చేతులు, సంవత్సరాలు గడిచేకొద్దీ నరాలు తేలుతూ, ఎవరెవరి ఇళ్లలోంచో బయటికి వస్తున్నాయి.

“సూసినవా కొడుకా? అందరి పెండ్లిళ్లల్ల నా చేతులే పడ్డయి. ఒక్కపారి మొఖం పడాలె. నువ్వు తియ్యి” అంది.

బ్యాటరీ లేదన్నాను, వెలుతురు చాలదన్నాను, అద్దానికి బూజు పట్టిందన్నాను. పెద్దమ్మ అంతా విని, సరుకు నాణ్యం చూసేటప్పటి చూపు ఒకటి చూసింది. “నీ ఫోటోల ముచ్చట నాకు తెల్వదనుకున్నవా? ఊరంత చెప్పిన్రు. అందుకే నిన్నడుగుతున్న. నేను పోతె ఫోటో మిగులుతది, పోకుంటె నీకు పడ్డ పేరు పోతది. రెండు దిక్కుల లాభమే గదరా, ఇంకేం గావాలె?”

అంత చక్కటి బేరం నా జన్మలో ఎవరూ పెట్టలేదు. ఆదివారం పొద్దున వస్తానని చెప్పి, మర్నాడే కెమెరా సంచి తీసుకుని కోదాడ వెళ్లాను. నా ఉపాయం చాలా సులువు: కెమెరా ఇంట్లో లేకపోతే తియ్యాల్సిన పనే లేదు. ఎంతిచ్చినా సరే, ఏమీ ఇవ్వకపోయినా సరే, దాన్ని వెనక్కి తీసుకొమ్మని ఆ మనిషిని బతిమాలాను. నష్టానికి అమ్ముతానని నేనే కాళ్లావేళ్లా పడిన రోజు అదొక్కటే. ఆయన ఆ రోజు లాగే గడప లోపల నిలబడి తల అడ్డంగా ఊపాడు. కడుపులో మాట ఆగక, ఈ కెమెరాతో మీకేమైనా అయిందా అని అడిగేశాను.

ఆయన చెప్పాడు. వాళ్ల నాన్న ఫోటో ఒకటి మంచిది తియ్యాలని రెండేళ్లు అనుకున్నాడట. రేపు, ఎల్లుండి, వచ్చే ఆదివారం. చివరికి ఒక పొద్దున ఎండ బాగా వచ్చిందని వాకిట్లో కుర్చీ వేసి, అన్నీ సరిచూసుకోవడానికి ముందు ఖాళీ కుర్చీని ఒకటి తీసి, నాన్నను చెయ్యిపట్టి తీసుకొద్దామని లోపలికి వెళ్లాడట. నాన్న ఇక లేవలేదట.

“ఆ కార్డులో కుర్చీ ఫోటో ఒకటుండాలండీ. ఉందా?” అని అడిగాడు.

నేను దాన్ని కొన్న రోజే తుడిచేశానని చెప్పాను. నాలుగడుగులు వేసి గెలుచుకున్న కార్డు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. “పోనీలెండి, ఖాళీ కుర్చీయేగా” అని తలుపు మెల్లగా వేసుకున్నాడు.

ఆ మాట విన్నవాడెవడైనా తిన్నగా వెళ్లి పెద్దమ్మ ఫోటో తియ్యాలి కదా. నేనూ అలాగే అనుకున్నాను. కాని భయం పోలేదు. తియ్యకపోతే ఖాళీ కుర్చీ, తీస్తే ఫ్లెక్సీ; ఈ రెంటి మధ్య బేరం కుదిర్చే ఉపాయం ఒకటి నా బుర్రకు తట్టింది. ఆదివారం పొద్దున మిర్యాలగూడ చేరగానే, సందు మలుపులో నిలబడి కెమెరాలోంచి కార్డు బయటికి తీసి జేబులో వేసుకున్నాను. నొక్కితే చప్పుడు వస్తుంది, ఫోటో మాత్రం ఎక్కడా నిలవదు. పెద్దమ్మకు తీసినట్టూ ఉంటుంది, పైవాడికి తియ్యనట్టూ ఉంటుంది.

పెద్దమ్మ తలకు పోసుకుని, నెమలిపింఛం రంగు చీర కట్టుకుని, వాకిట్లో పీట మీద కూర్చుంది. చేతులను కావాలని చీర కొంగు కింద దాచుకుంది. నేను కెమెరాకు కన్ను ఆనించాను. అంతవరకు వీధి చివర రైసుమిల్లు రొద చేస్తూనే ఉంది. ఉన్నట్టుండి కరెంటు పోయి అది ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నేను ఆ వీధిలో ఎన్నడూ వినలేదు. నేను ఏమీ చెప్పలేదు, అయినా పెద్దమ్మ నవ్వలేదు, రెప్ప వెయ్యలేదు, తిన్నగా నల్లటి అద్దంలోకి చూసింది. ఆ ముగ్గురూ చూసిన చూపే. అయితే ఈసారి అందులో ఇంకోటి ఉంది: దుకాణం సర్ది, దీపం ఆర్పి, తాళంచెవి చేతిలోకి తీసుకున్న మనిషి ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఎలా ఉంటుందో అది. ఏటవాలు వెలుగు ఒక చెంప మీద పడి రెండో చెంపను నీడలో ఉంచింది. అన్ని ఆదివారాలు నేను వెతికిందంతా ఆ ఒక్క చదరంలో ఉంది, కార్డు నా జేబులో ఉంది. నొక్కాను. చప్పుడు వీధంతా వినిపించినట్టయింది.

కార్డు లేకపోయినా తీసిన బొమ్మను కొన్ని క్షణాలు తెర మీద చూపించే గుణం ఆ కెమెరాకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ తెరలో పెద్దమ్మ ముఖం వెలిగింది. పై మూలన, ఇది ఉత్త నమూనా అని చెప్పే చిన్న ఇంగ్లీషు అక్షరాలు. పెద్దమ్మ లేచి వచ్చి నా భుజం మీదుగా చూసింది.

“గా మూలకేం రాసుంది?”

“తారీఖు” అన్నాను.

“ఇది నేనేనా?” అంది, చాలా మెల్లగా. అంతలో తెర నల్లబడింది. పెద్దమ్మ ఆ నల్లటి తెరను ఇంకా చూస్తూనే ఉంది. “మంచిగొచ్చిన. పెద్దగ చేపియ్యి” అని లోపలికి వెళ్లి హైదరాబాదుకు బట్టలు సర్దుకుంది.

ఆపరేషన్ అయింది. పెద్దమ్మ బతికింది. ఎలా బతికిందో డాక్టర్లకు స్పష్టంగా తెలుసు, నాకు ఈ రోజుకీ తెలియదు. నలభై రోజుల తర్వాత సగమై, జుట్టు రాలి, గొంతు సన్నబడి తిరిగి వచ్చి, మొదట అడిగింది ఫోటో. నేను కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాను.

“యమునితోని గూడ బేరమాడినవురా నువ్వు” అంది పెద్దమ్మ.

ఇప్పుడే తీస్తాను, కార్డు ఉంది, కావాలంటే చూసుకో అని చూపించాను. పెద్దమ్మ కార్డును పక్కకు నెట్టింది. “ఆ పొద్దు నేను పోతననుకోని కూసున్న. గసొంటి మొఖం మళ్ల కావాలంటె ఏడికెల్లి తేవాలె? ఇగ వద్దు” అంది. ఆ తర్వాత పండుగలకు, పెళ్లిళ్లకు ఎంత బతిమాలినా కూర్చోలేదు. నేను ఇప్పుడు బాగానే తీస్తాను, పత్రికల్లో కూడా రెండు మూడు పడ్డాయి. ముసలివాళ్లు నన్ను చూసి ముఖం కప్పుకోవడం మానేశారు. పెద్దమ్మ ఒక్కతే కెమెరా తీస్తే చెయ్యి అడ్డం పెడుతుంది.

కాని ఆ ఫోటో గురించి చెప్పడం మాత్రం మానలేదు. గాజులకు వచ్చిన ప్రతి మనిషికీ చెబుతుంది, చెయ్యి పట్టుకుని మరీ. మొదట్లో నెమలిపింఛం చీర వరకే ఉండేది. రెండో ఏడాదికి అందులో మెడలో గొలుసు చేరింది, ఆ తర్వాత కొప్పులో కనకాంబరాలు. పోయినసారి నేను వెళ్లినప్పుడు ఆ ఫోటోలో పెద్దమ్మకు నలభై ఏళ్లే ఉన్నాయి, కొద్దిగా నవ్వుతోంది కూడా. నమ్మకపోతే మావాణ్ణి అడుగు, వానికి తెలుసు అని నా వైపు చూపించింది. కార్డు జేబులో వేసుకుని తెలివిగా గెలిచాననుకున్న ఆ ఇరవై ఆరేళ్ల కుర్రవాడు గుర్తొచ్చి నవ్వు వచ్చింది. గాజులు తొడిగించుకుంటున్న అమ్మాయి నా ముఖంలోకి చూస్తూ, నిజమేనా అన్నా అని అడిగింది. అంత బాగా ఎవ్వరిదీ రాలేదమ్మా అన్నాను. ఆ ఒక్క మాటలో మాత్రం బేరం లేదు.